ఎదురుమాట లేదు

తామ్రగిరి నీడకొట్టు తలుపుని ఏనుగు కుమ్మినా ఊడదని చెప్పుకునేవారు. ఆ పొద్దున దాన్ని కుమ్మింది ఏనుగు కాదు, ఏనుగు మావటి. తలుపు ఊడలేదు గానీ, గడియ విరిగి ఎగిరొచ్చి, లోపల తీరిగ్గా అటుకులు తింటున్న వకుళ పళ్లెంలో పడింది.

“నీడల అధికారి ఎక్కడ?” అని అరిచాడు మావటి. తలుపంత మనిషి. చేతిలో అంకుశం. కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

“ఇక్కడే. అటుకుల్లోంచి గడియ ఏరుకుంటోంది.”

“నువ్వా?”

“అందరూ అలాగే అంటారు. గడ్డమున్న తాతగారు ఉండేవారు, పోయిన ఏడు కాలం చేశారు. నీ పేరేంటన్నా?”

“కొమ్మన. నేత వీధి చెంగల్వ తమ్ముణ్ణి.”

వకుళ నోటిదాకా వెళ్లిన పిడికిలి అక్కడే ఆగిపోయింది. నిన్న మధ్యాహ్నమే ఆ చెంగల్వ గుమ్మం ముందు నిలబడి వచ్చింది తను.

“మా అక్క కనబడ్డం లేదు. నిన్న సాయంత్రం మీరా మంత్రగాణ్ణి వదిలేశారు. తెల్లారేసరికి మగ్గం మీద సగం చీర ఉంది, అక్క లేదు. ఏదీ వాడి నీడ? ఇలా తే, కాల్చి పారేస్తా.”

నీడకొట్టంటే తామ్రగిరి రాజ్యమంతటా భయమూ ఉంది, గౌరవమూ ఉంది. నల్లరాతి గోడలు, వాటి నిండా వరసలు వరసలుగా కంచు కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో నీడ. తడి బొగ్గు రంగువి కొన్ని, నేరేడుపండు రంగువి కొన్ని, పైకప్పు గవాక్షంలోంచి ఎండ పడినప్పుడు నెమలి మెడలా మెరిసేవి కొన్ని. సొంతదారు ఎక్కడ ఏం చేస్తుంటే ఇక్కడ నీడ అదే చేస్తుంది. గొర్రెల దొంగ నీడ గోడ మీద మజ్జిగ చిలుకుతోంది. పొలం గట్టు జరిపినాయన నీడ వీపు గోక్కుంటోంది.

ఒకప్పుడు తామ్రగిరిలో ఎవరి మీద నేరం మోపినా, విచారణయ్యేదాకా పాడుబడ్డ నూతిలోకి దించేవారు. ఒక కుమ్మరి అలాగే ఆ నూతిలో చచ్చిపోయిన పదకొండో రోజున నిర్దోషి అని తేలింది. అప్పటి రాణి ఆ తీర్పు వింటూ సింహాసనం దిగిపోయిందంటారు. ఆ మర్నాడే కొత్త శాసనం వచ్చింది. నేరం రుజువయ్యేదాకా మనిషి ఇంట్లో ఉండాలి, పూచీగా నీడ కొట్టులో ఉండాలి. నీడ లేని మాంత్రికుడి మంత్రం పారదు. నీడ లేని దొంగకి కాళ్లు బరువెక్కుతాయి.

అదే శాసనంలో రెండో మాట కూడా ఉంది. వదిలే ముందు నష్టపోయిన మనిషి గుమ్మానికి నీడల అధికారి స్వయంగా వెళ్లాలి. ‘ఫలానా వాణ్ణి వదులుతున్నాం, నీ భయమేంటి?’ అని అడగాలి. వాళ్లు చెప్పేదే ఎదురుమాట. ఒక్కో భయానికీ ఒక్కో ముడి. ముడితాడుకి రెండు పేటలు. ఒకటి నిందితుడి మణికట్టుకి, రెండోది అధికారి నడుముకి. దీని మీద వేసిన ముడి దాని మీదా పడుతుంది. ముడి దాటితే తాడు చెయ్యి కోస్తుంది.

వకుళ ఉద్యోగంలో చేరాక ఈ పనంతా గాడిలో పడింది. ముసలాయన కాలంలో ఒక్క విడుదలకి ఆరు రోజులు పట్టేది, వకుళ ఒక్క రోజులో తేల్చేది. ఎదురుమాట చెప్పడానికి గుమ్మానికి వంద లెక్కపెట్టేంత సేపు చాలని ఆవిడే తేల్చింది. నిన్న పదకొండు గుమ్మాలు ఎక్కి దిగింది. ఇంటికొచ్చి కాళ్లు నొక్కుకుంటూ తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

“అసలు మా అక్కని అడిగావా?” అన్నాడు కొమ్మన.

“అడిగాను.”

“ఏమంది?”

“ఏమీ అన్లేదు.”

“ఏం రాశావు?”

వకుళ తాటాకు తీసి చూపించింది. గుండ్రటి అక్షరాల్లో ముచ్చటగా ఉంది: *ఎదురుమాట లేదు.*

కొమ్మన దాన్ని చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

“ఆ మంత్రగాడు ధూమాంగుడి మీద మోపిన నేరమేంటమ్మా?”

“చెంగల్వ గొంతు... ఎత్తుకుపోయాడని.”

“మరి గొంతు లేని మనిషి నీకు ఏమంటుంది?”

కొట్టులో నూట ఏడు నీడలూ తమ పనులు తాము చేసుకుంటున్నాయి. నిన్న చెంగల్వ రెండు చేతులూ ఎత్తి ఏదో చెప్పింది. వేళ్లు ముడిచింది, తెరిచింది, వీధి చివరికి చూపించింది. వకుళ అప్పుడు ఏం చేసింది? ఎనభై ఆరు, ఎనభై ఏడు అని లెక్కపెట్టింది. వంద కాగానే దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది.

“కాల్చు,” అన్నాడు కొమ్మన. గోడకి వేలాడే దీపం తీసి ఆమె చేతిలో పెట్టాడు. “నీడ కాలితే వాడెక్కడున్నా అక్కడే బూడిదవుతాడు.”

దీపం చేతిలో ఉంది, ధూమాంగుడి నీడ మూరెడు దూరంలో ఉంది. ఒక్క క్షణం వకుళకి నిజంగానే ఆశ పుట్టింది. అంటిస్తే నీడతో పాటు ఆ తాటాకూ, ఆ గుండ్రటి అక్షరాలూ, తన తప్పూ అన్నీ కాలిపోతాయనిపించింది. ఆ ఆశ ఎవరి కోసమో తెలిసి సిగ్గేసింది. దీపం ఊదేసింది.

“వాడు చేశాడని ఇంకా తేలలేదన్నా.”

“తేలేదాకా మా అక్క బతికుండద్దా?”

“ఉండాలి. వాణ్ణి కాలిస్తే ఆవిడెక్కడుందో ఎవరు చెప్తారు? నీడ తన మనిషి వైపే లాగుతుంది, చూడు.” నిజంగానే ఆ నీడ గాలి లేకపోయినా ఉత్తరానికి కొట్టుకుంటోంది. “దీన్ని పట్టుకుని వెళ్దాం. కానీ కొట్టు దాటిన నీడ ఆ పూట పొద్దు వాలేదాకే బతుకుతుంది. ఆలోగా తిరిగి కొక్కేనికైనా ఎక్కాలి, వాడి కాళ్లకైనా అతుక్కోవాలి. లేకపోతే నీడా పోతుంది, మనిషీ పోతాడు.”

“పోనీ.”

“పోతే నేను చంపినట్టు. ఇప్పటికే ఒకటి చేశాను, చాలు.”

కొమ్మన బయటికి నడుస్తూ, “గుర్రం ఎక్కడం వచ్చా?” అన్నాడు.

“కింద పడకుండా ఎక్కడం రాదు.”

“పడితే ఆగను.”

ఉత్తరాన సరిహద్దు దాటితే నీలకేతన రాజ్యం. అక్కడ నీడల విద్య పేరెత్తితే తల తీస్తారు. అందుకని దారిలో తోలుబొమ్మల ఓబన్న ఇంటి ముందు ఆగారు. ఓబన్న కోళ్ల దొంగతనం నింద మీద నీడని అప్పగించి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. అధికారమ్మని చూడగానే కోళ్లు నావి కావంటూ మొదలుపెట్టాడు. “కోళ్ల సంగతి తర్వాత బాబాయ్, నీ తెర ఇవ్వు,” అంది వకుళ. పావు ఘడియలో ఇద్దరూ బొమ్మలాటగాళ్లయిపోయారు. కొమ్మన తలకి ఎర్ర పాగా, వకుళ చేతిలో హనుమంతుడి బొమ్మ, చాపలో చుట్టిన తోలుబొమ్మల మధ్య ధూమాంగుడి నీడ.

నీలకేతనపు సుంకం చావడి కొండని తొలిచి కట్టింది. పట్టపగలే లోపల చీకటి. సుంకరి నాలుగు గడ్డాలవాడు. అసలు గడ్డం కాదు, కండ మడతలు.

“బొమ్మలాటా? సుంకం బదులు ఒక ఆట ఆడిపోండి,” అన్నాడు. భటులు ఈలలేశారు.

“తొందరలో ఉన్నాం మామా,” అంది వకుళ.

“మేం లేము.”

తెర కట్టారు. వెనక దీపం పెట్టారు. వకుళ హనుమంతుణ్ణి తీసేలోపే చాపలోంచి ధూమాంగుడి నీడ జారి తెర మీదకెక్కింది. ఏ పుల్లా లేదు, ఏ దారమూ లేదు. భటులు నోళ్లు తెరిచారు. నీడ తలకిందులైంది. కాళ్లు పైన, తల కింద, చేతులు వెనక్కి కట్టేసినట్టు. గాలిలో ఊగుతూ తన్నుకుంటోంది, మెడ వంచి పైకి చూసి ఎవరినో బతిమాలుతోంది.

చావడి దద్దరిల్లేలా నవ్వారు. “ఇదేం ఆటరా! గబ్బిలం కథా?” అని సుంకరి తొడ కొట్టుకున్నాడు.

తెర వెనక వకుళ ఆ తలకిందులు నీడనే చూస్తోంది. నీడ చేసేది సొంతదారు చేసేదే. ఆడమనిషిని ఎత్తుకుపోయినవాడు ఆ సమయానికి తలకిందులుగా ఎందుకు వేలాడుతుంటాడు? నీడ తీసుకుని వాడి మంత్రం లాక్కున్నది తామే. ఇప్పుడు వాడు ఊళ్లో అందరికంటే చేతకానివాడు. వాడి మీద చెయ్యి పడితే అడ్డం పడాల్సింది కూడా తనే.

“అన్నా,” అంది గుసగుసగా, “మీ అక్కకి బలం ఎంత?”

“పడుగు దారం బిగించే చెయ్యి. నన్ను చెవి పట్టుకుని లేపేది. ఎందుకు?”

“ఏం లేదు. తెర విప్పు, పోదాం.”

చావడి దాటాక మూగలోయ. దాని రెండు గోడల మీదా రాతి రాబందులు కూర్చుని ఉంటాయి, వేలకి వేలు. రెక్కల మడతల్లో నాచు, కళ్లలో దుమ్ము, ముక్కుల మీద ఎండ తగిలి కెంపుల్లా మెరిసే అభ్రకం. ఏ ప్రాణి గొంతు వినబడినా చాలు, రాయి రెక్కలవుతుంది. ఆ తర్వాత ఎముకలు మాత్రమే మిగులుతాయి. గుర్రాలు సకిలిస్తాయని వాటిని బయటే కట్టేశారు. పాదాలకి గుడ్డలు చుట్టుకుని లోపలికి నడిచారు.

పది అడుగులు వేశారో లేదో కొమ్మన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆగు. మోచెయ్యి మెలితిప్పి వేళ్లు పడగలా విప్పాడు. పాము. తన భుజం తట్టి ఆమె భుజం చూపించాడు. నీ మీదే. వకుళ కొయ్యలా నిలబడింది. అంకుశం కొన మెల్లగా వచ్చి ఆమె భుజం మీంచి ఒక పచ్చని తీగలాంటిదాన్ని ఎత్తి పక్కన పెట్టింది.

ఇంకాస్త దూరం పోయాక చూపుడువేలితో సన్నటి గీత గీశాడు. దారి ఇరుకు, గోడకి ఆనుకో. అరచేతులు అటూఇటూ ఊపాడు. కింద రాయి కదులుతోంది. ప్రతి ముక్కా వకుళకి అర్థమైంది. ఎవరూ నేర్పలేదు, లెక్కలేవీ పెట్టుకోలేదు. ఊరికే చూసింది, అంతే.

మలుపు దగ్గర ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు కొమ్మన మోకాలి ఎత్తున చెయ్యి పెట్టాడు. అంత ఉన్నప్పుడు. ఆకాశం చూపించి చేతులు తిప్పేశాడు. అమ్మ పోయింది. ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టు చేసి, మూతి తుడిచినట్టు చేశాడు. అక్క. అంతే. ముఖం తిప్పుకున్నాడు.

క్షమించమని ఒక్క మాట అనాలి. అంటే ఇద్దరూ చస్తారు. వకుళ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అతను చూడలేదు. ఎంత బిగపట్టినా ఆమె గొంతులోంచి ఒక చిన్న వెక్కు తప్పించుకుంది.

పైన టప్పుమంది. ఒక రాబందు కన్ను తెరిచింది. దుమ్ము రాలింది. రాతి రెక్క విప్పుకుని తాటిచెట్టంత నీడ మీద పడింది. కొమ్మన వకుళని ఒక్క తోపు తోసి, గోళ్లకింద దూరి, ఏనుగు కుంభస్థలం అనుకున్నాడో ఏమో, అంకుశాన్ని దాని నడినెత్తిన దించాడు. చప్పుడు లేదు. రాబందు గాలిలోనే మళ్లీ రాయైపోయి ఇద్దరి మధ్యా దబ్బున కూలింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కొమ్మన చర్మం చీరుకుపోయింది. నోట్లో పాగా కుక్కుకుని కేక మింగాడు. పరుగెత్తారు.

లోయ దాటేసరికి సూర్యుడు కొండకి బెత్తెడు ఎత్తున ఉన్నాడు. ఎదురుగా మొసళ్ల మడుగు, దాని మీదికి నాలుకలా పొడుచుకొచ్చిన బండ, బండ మీద ధూమాంగుడి పాత గుహ. చాపలోని నీడ తెగ గింజుకుంటోంది.

బండ అంచున చెంగల్వ కూర్చుని ఉంది. పక్కన రాతి కొమ్ముకి పట్టుదారపు పగ్గం కట్టి ఉంది. పగ్గం అంచు దాటి కిందికి పోతోంది. దాని మీద ఆమె కొడవలి ఆనించి పెట్టింది.

పగ్గం చివర ధూమాంగుడు తలకిందులుగా వేలాడుతున్నాడు. పొగలాంటి జుట్టు, ఎండు చేపలాంటి ఒళ్లు. కింద మడుగులో మొసళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎదురుచూస్తున్నాయి.

“అక్కా!” అంటూ ఉరికాడు కొమ్మన. పరిస్థితి చూశాక అతని ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. “కొయ్యక్కా! ఏం చూస్తున్నావు, కొయ్యి!”

“అమ్మాయీ, అధికారమ్మా!” కింద నుంచి ధూమాంగుడి గొంతు. “తెల్లారగట్ల నిద్రలో వల వేసి తెప్ప మీద ఈడ్చుకొచ్చింది. గొంతు ఏదని గుహంతా తవ్వింది. నా దగ్గర లేదు తల్లీ! నేను తియ్యలేదు!”

“అది ఇవాళ్టి ప్రశ్న కాదు. పౌర్ణమికి విచారణలో అడుగుతారు,” అంది వకుళ. “అప్పటిదాకా నోరు మూసుకుని వేలాడు.”

వకుళ చెంగల్వకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. కొడవలి కింద రెండు పోగులు అప్పటికే తెగి ఉన్నాయి.

“నిన్న నేను అడిగాను గానీ వినలేదక్కా. వంద లెక్కపెట్టి పోయాను. మాట లేదని రాశాను. తప్పు నాది. వాడిది ఏమిటో నాకు తెలీదు, నాది మాత్రం నాకు తెలుసు. అడగడం పూర్తి కాలేదు కాబట్టి వదలడమూ పూర్తి కాలేదు. మళ్లీ అడుగుతున్నా. వీణ్ణి వదిలితే నీ భయమేంటి?”

చెంగల్వ కదల్లేదు. సూర్యుడి అంచు కొండకి తగిలింది. చాపలో నీడ పల్చబడుతోంది. వకుళ లెక్కపెట్టలేదు.

చాలాసేపటికి చెంగల్వ ఖాళీ చెయ్యి లేచింది. వేళ్లు తన ఛాతీ తట్టాయి, మగ్గం మీద ఆడినట్టు ఆడాయి, వరసగా గుమ్మాలు గీశాయి, అడ్డంగా కోశాయి.

“నీ దగ్గరికి రాకూడదు, మీ వీధిలోకి అడుగు పెట్టకూడదు.”

తలూపింది. నడుం మీద కడవ పెట్టినట్టు చేసి, గొంతు పట్టుకుని చూపించింది.

“రేవు దగ్గరికి రాకూడదు. అది జరిగిన చోటు.”

తలూపింది. మూడోసారి చూపుడువేలు నేరుగా వకుళ గుండె మీదికి వచ్చింది. తర్వాత తూర్పున పొద్దు పొడిచినట్టు చెయ్యి లేపింది. తర్వాత నేల మీద రెండు పాదాలు గీసి, వాటి ముందు ఒక గడప గీసింది.

వకుళకి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండనిపించింది.

“రోజూ పొద్దున్నే... నేనొచ్చి మీ గుమ్మంలో నిలబడాలి. విచారణయ్యేదాకా. నువ్వు బాగున్నావని నా కళ్లతో చూసుకోవాలి.”

చెంగల్వ చూపు తిప్పలేదు.

“వస్తాను.” నడుముకున్న వాడి ముడితాడు పేట విప్పి అందించింది. “నువ్వే వెయ్యి. నీ చేతి ముడే నిలుస్తుంది.”

ముడెయ్యడానికి రెండు చేతులు కావాలి. చెంగల్వ కొడవలి వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. కొడవలి అతని చేతిలో పెట్టింది. కొమ్మన నెత్తురోడుతున్న చేత్తో దాన్ని పట్టుకుని పగ్గం పక్కన నిలబడ్డాడు. ఒక్క దెబ్బ చాలు. అక్క వేళ్లు ఒకటో ముడి వేశాయి. రెండోది వేశాయి. మూడోది బిగించేటప్పుడు కొమ్మన కొడవలిని బండ మీద నిలువునా గుచ్చి వదిలేసి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

“నేను చూళ్లేను. మీరే ఏదో చేసుకోండి,” అన్నాడు.

సూర్యుడు గోరంత మిగిలాడు. నీడ ఇస్తే వాడికి మంత్రం తిరిగొస్తుంది. ఇవ్వకపోతే విచారణ లేకుండానే పోతాడు. వకుళ బండ మీద బోర్లా పడుకుని చాప విదిలించింది. నీడ నల్లటి పట్టు గుడ్డలా జారి ధూమాంగుడి పాదాలకి చుట్టుకుంది.

పగ్గం వదులైంది. చివర ఎవరూ లేరు.

“విచారణ ఎప్పుడన్నావు, అమ్మాయీ?”

గొంతు వెనక నుంచి వచ్చింది. ముగ్గురూ తిరిగారు. ధూమాంగుడు బండ మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి పొగ లేస్తోంది, కళ్లు నిప్పుకణాల్లా ఉన్నాయి. పొద్దున్నించి బతిమాలిన మనిషి కాడు ఇతను.

“పౌర్ణమికి,” అంది వకుళ. “అప్పటిదాకా నువ్వు నీ ఇంట్లో ఉంటావు.”

“ఆలోపు నన్ను వేలాడదీసినవాళ్లతో ఒక మాట,” అంటూ చెంగల్వ వైపు అడుగేశాడు. రెండో అడుగుకి మణికట్టు మీద పేట బిగుసుకుంది. సన్నటి నెత్తుటి గీత వేళ్ల దాకా పాకింది. అతను ఆశ్చర్యంగా చెయ్యెత్తి చూసుకున్నాడు. నిన్న నున్నగా ఉన్న తాడు మీద మూడు ముడులు.

“ఎవరు వేశారివి?”

“ఆవిడే,” అంది వకుళ. “అడిగాను. చెప్పింది.”

ధూమాంగుడు మొదటిసారి చెంగల్వ ముఖంలోకి చూశాడు. పాదం ఇంకా గాలిలోనే ఉంది. కింద మొసళ్లు నీళ్లు కొడుతున్నాయి. కొమ్మనకి అంకుశం అందేంత దూరంలో లేదు. వకుళ లేచి వాళ్లిద్దరి మధ్యకి పరుగెత్తుతోంది.

చెంగల్వ మాత్రం వెనక్కి జరగలేదు.